వినపడటం వేరు, వినడం వేరు

మా బావ హైదరాబాద్ శివార్లలో ప్లాట్ల వ్యాపారం చేస్తాడు. పెద్ద వ్యాపారమేమీ కాదు. ఏడాదికి పది పన్నెండు రిజిస్ట్రేషన్లు, మధ్యలో ఒకటి రెండు హద్దు తగాదాలు. ఆయనకు మామూలు కాల్ చేస్తే రెండు మాటలు పూర్తయ్యేలోగా గొంతు తగ్గిస్తాడు. "ఇందులో వద్దు, వాట్సాప్‌లో చెయ్యి" అంటాడు. మొన్న నేను అడిగింది మా అక్క మోకాలి ఆపరేషన్ ఏ రోజున అని. ఆ తేదీ చెప్పడానికి కూడా ఆయనకు వాట్సాప్ కావలసి వచ్చింది.

ఈ అలవాటు ఆయనకు 2015లో పట్టుకుంది. ఓటుకు నోటు కేసు నడుస్తున్న రోజులవి. టీవీ చానళ్లలో పొద్దస్తమానం ఫోన్ సంభాషణల ఆడియోలే. మా ఫోన్లు ట్యాప్ చేస్తున్నారని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆరోపించింది, అలాంటిదేమీ లేదని తెలంగాణ ప్రభుత్వం కొట్టిపారేసింది. రెండు రాష్ట్రాల ముఖ్యమంత్రుల మధ్య తగవు అది. అయినా ఆ వేసవిలో తెలుగువాళ్ల ఇళ్లలో "ఫోనులో వద్దు, కలిసినప్పుడు చెబుతాను" అనే మాట కొత్తగా పుట్టింది. ఆ తగవు చల్లారింది కానీ మాట మాత్రం మన నోళ్లలో స్థిరపడిపోయింది.

మా వీధిలో ఉదయం నడకకు వచ్చే పెద్దమనిషి ఒకాయన ఉన్నారు. బావ సంగతి నవ్వుతూ చెబితే ఆయన నవ్వలేదు. "తప్పు చేయనివాడికి భయమెందుకండీ?" అన్నారు. ఈ ప్రశ్న మీరూ విని ఉంటారు, మీలో కొందరు అడిగి కూడా ఉంటారు. నేనూ ఒకప్పుడు అడిగినవాణ్నే. ఇప్పుడు నాకు తోచే జవాబు తలకిందులుగా ఉంది. మన దేశంలో ప్రభుత్వం రహస్యంగా విన్నప్పుడు తప్పు చేసినవాడికి ఏదో ఒక దారి దొరుకుతుంది. తప్పు చేయనివాడికే ఏ దారీ లేదు.

అదెలాగో చెప్పేముందు మా పిన్నిని ఒకసారి పరిచయం చేయాలి. పిన్ని టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసింది. ట్రంక్ కాల్ బుక్ చేసి గంటల తరబడి కాచుకునే కాలం. చిన్నప్పుడు సెలవులకు వెళితే నేను ఆమెను వేధించేవాణ్ని: "పిన్నీ, వాళ్లు మాట్లాడుకునేవన్నీ నీకు వినిపిస్తాయా?" ఆమె ఎప్పుడూ ఒకటే మాట చెప్పేది. "వినపడటం వేరు, వినడం వేరు." లైను కలిసిందో లేదో చూడాలంటే చెవి ఆనించక తప్పదు, అప్పుడు ఒకటి రెండు మాటలు వినపడతాయి. ఆ తర్వాత కూడా చెవి తీయకపోతే అది వినడం. ఊళ్లో ఎవరి పెళ్లి సంబంధం చెడిందో, ఎవరి కొడుకు డబ్బు పంపడం మానేశాడో ఆమె చెవిన పడకుండా ఉండదు. అయినా మా ఇంట్లో ఆ కబుర్లు ఒక్కనాడూ పొక్కలేదు. దాన్ని ఆమె నిష్ఠ అనుకునేవాణ్ని. పెద్దయ్యాక అర్థమైంది, ఆ ఊరి రహస్యాలన్నింటికీ ఆ నిష్ఠ తప్ప మరో కాపలా లేదని.

ఇప్పుడు ఆపరేటర్లు లేరు. చట్టం ఉంది. బ్రిటిష్ వాళ్లు 1885లో రాసిన టెలిగ్రాఫ్ చట్టంలోని సెక్షన్ 5 మన ఫోన్లను నూటముప్పై ఏళ్లకు పైగా ఏలింది. ప్రజా అత్యవసర పరిస్థితి గానీ, ప్రజా భద్రత అవసరం గానీ ఉంటే ప్రభుత్వం సందేశాలను అడ్డగించి చూడవచ్చు. ఎవరి అనుమతితో, ఎంతకాలం, ఆ తర్వాత కాగితాలు ఏమవుతాయి అన్నదానికి దశాబ్దాల పాటు నియమాలే లేవు. రాజకీయ నాయకుల ఫోన్ల ట్యాపింగ్ మీద సీబీఐ ఇచ్చిన నివేదిక 1991లో పత్రికలకెక్కడంతో పీయూసీఎల్ అనే పౌరహక్కుల సంస్థ సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1996 డిసెంబరు 18న తీర్పు వచ్చింది. ఫోనులో మాట్లాడుకోవడం మనిషి ఏకాంతంలో భాగమేనని కోర్టు ఒప్పుకుంది. ప్రజా అత్యవసర పరిస్థితి అనేది ఫైళ్లలో దాచుకునే రహస్యం కాదు, మామూలు మనిషి కంటికి కూడా అది కనబడాలి అని కూడా చెప్పింది. చాలా మంచి మాట.

కానీ అసలు అడిగిన వరాన్ని ఇవ్వలేదు. వినడానికి ముందు న్యాయమూర్తి అనుమతి ఉండాలన్న కోరికను పక్కనపెట్టింది. దానికి బదులు, హోం శాఖ కార్యదర్శి ఉత్తర్వు ఇవ్వాలి, అది రెండు నెలలు చెల్లుతుంది, పొడిగించినా మొత్తం ఆరు నెలలు దాటకూడదు, రెండు నెలల్లోగా ఒక సమీక్ష కమిటీ ఆ ఉత్తర్వును పరిశీలించాలి అంది. ఈ ఏర్పాటే 2007లో 419ఎ నిబంధనగా మారింది. కేంద్రంలో ఆ కమిటీలో ఉండేది కేబినెట్ కార్యదర్శి, న్యాయశాఖ కార్యదర్శి, టెలికాం కార్యదర్శి. రాష్ట్రంలోనైతే ప్రధాన కార్యదర్శి, న్యాయశాఖ కార్యదర్శి, హోం శాఖది కాని మరో కార్యదర్శి.

ఒకసారి వరసగా చూడండి. వినాలని అడిగేది పోలీసు అధికారి. సరేననేది హోం కార్యదర్శి. సరేనన్నది సరైనదో కాదో చూసేది ఆయన తోటి కార్యదర్శులు. పెళ్లికొడుకు తరఫువాళ్లే పెళ్లికూతురి తరఫున కూడా కూర్చుని కట్నం మాట్లాడుకున్నట్టుంది. న్యాయమూర్తి లేడు. ప్రతిపక్ష సభ్యుడు లేడు. ఎవరి గొంతు వింటున్నారో ఆ మనిషి తరఫున మాట్లాడే ప్రాణి ఒక్కటీ లేదు.

పోనీ, ఆ ముగ్గురూ ధర్మరాజులే అనుకుందాం. లెక్క వేద్దాం. వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కోసం వేసిన జస్టిస్ శ్రీకృష్ణ కమిటీ 2018 నివేదికలో ఒక సంగతి ఉంది. సమాచార హక్కు కింద వచ్చిన జవాబు ప్రకారం కేంద్ర ప్రభుత్వం ఒక్కటే నెలకు 7,500 నుంచి 9,000 వరకు ఇలాంటి ఉత్తర్వులు ఇస్తోంది. సమీక్ష కమిటీ రెండు నెలలకోసారి కూర్చుంటుంది కాబట్టి ఒక్కో సమావేశంలో 15,000 నుంచి 18,000 ఉత్తర్వులు చూడాలి, ఇది జరిగే పని కాదు అని ఆ కమిటీయే రాసింది. నేను చిన్న భాగహారం చేశాను. ముగ్గురు కార్యదర్శులు టీ తాగకుండా, భోజనానికి లేవకుండా ఎనిమిది గంటలు కూర్చుంటే 28,800 సెకన్లు. ఒక్కో ఉత్తర్వుకు రెండు సెకన్లు కూడా రావు. మా బావ పేరు చదవడానికే అంతకన్నా ఎక్కువ పడుతుంది, ఇంటిపేరు పెద్దది.

తెలంగాణ ట్యాపింగ్ కేసును ఈ వెలుగులో చూడాలి. మావోయిస్టుల కదలికలు కనిపెట్టడానికి ఏర్పడిన స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్యూరోలో కొందరు అధికారులు ప్రతిపక్ష నాయకుల, పాత్రికేయుల, వ్యాపారుల ఫోన్లు విన్నారని, 2023 డిసెంబరులో ఎన్నికల ఫలితాలు వచ్చిన మర్నాడే హార్డ్ డిస్కులు ధ్వంసం చేశారని ఆరోపణ. 2024 మార్చిలో అరెస్టులు మొదలయ్యాయి. ఒక న్యాయమూర్తి ఫోను కూడా ఆ జాబితాలో ఉందన్న వార్తలు రావడంతో హైకోర్టు తనంతట తానే కేసు చేపట్టింది. అప్పటి పాలకపక్షం ఇదంతా రాజకీయ కక్ష అంటోంది. నిజానిజాలు కోర్టులో తేలాలి, తేల్చే పని నాది కాదు. నాకు నిద్ర పట్టనివ్వనిది ఆ ఆరోపణల్లో ఒక చిన్న భాగం. మావోయిస్టులతో సంబంధం ఉన్నవారి నంబర్లన్న పేరుతో ఇతరుల నంబర్లనూ అనుమతుల జాబితాలో కలిపారట. అది నిజమని తేలితే, దొంగ గోడ దూకలేదు, వాకిట్లోంచే వచ్చాడు, కాపలావాడు సలాం కూడా కొట్టాడు అన్నమాట. రెండు సెకన్లలో నంబరు వెనక ఎవరున్నారో ఎవరు చూస్తారు?

మనవాళ్లు మాత్రం ఈ కేసును క్రికెట్ స్కోరులా చూస్తున్నారు. "మీవాళ్లు విన్నారు", "మీవాళ్లు అంతకుముందు వినలేదా". రామకృష్ణ హెగ్డే 1988లో కర్ణాటక ముఖ్యమంత్రి పదవి వదులుకున్నది ఫోన్ ట్యాపింగ్ గొడవలోనే. 1991లో రాజీవ్ గాంధీ ఇంటి దగ్గర ఇద్దరు హర్యానా కానిస్టేబుళ్లు నిఘా వేశారన్న గొడవ చంద్రశేఖర్ ప్రభుత్వం పడిపోవడానికి కారణమైంది. ప్రభుత్వాలు పడ్డాయి, లేచాయి. చట్టం మాత్రం కదలలేదు. ఎందుకు కదులుతుంది? ప్రతిపక్షంలో ఉండగా తిట్టిన పనిముట్టు అధికారంలోకి రాగానే చేతికి ఎంత చక్కగా అమరుతుందో రుచి చూసినవారికే తెలుసు.

ఇప్పుడు తప్పు చేసినవాడు, చేయనివాడు సంగతికి వద్దాం. లంచం కేసులో ముంబై వ్యాపారి ఒకరి ఫోను మీద సీబీఐ ట్యాపింగ్ ఉత్తర్వులు తీసుకుంది. ఆయన బాంబే హైకోర్టుకు వెళ్లాడు. అక్కడ ప్రజా అత్యవసర పరిస్థితీ లేదు, ప్రజా భద్రతకు ముప్పూ లేదు అని 2019లో కోర్టు ఆ ఉత్తర్వులను కొట్టేసింది, విన్న రికార్డులు నాశనం చేయమంది. బాగానే ఉంది. కానీ తన ఫోను విన్నారని ఆయనకు ఎలా తెలిసింది? ఆయన మీద కేసు పెట్టారు గనుక, ఆ సంభాషణలను సాక్ష్యంగా చూపారు గనుక. కేసే పెట్టకపోతే? రెండు నెలలు విని, "వీడి దగ్గర ఏమీ లేదు" అని మూసేసిన ఫైలులోని మనిషికి ఎవరు కబురు చెబుతారు? ఏ నిబంధనా చెప్పమనదు. పైగా కొంతకాలానికి ఆ రికార్డులను నాశనం చేయాలని నిబంధనే అంటుంది. అది మన మేలుకే పెట్టారు, కాదనను. అయితే దాంతో పాటు మనకు జరిగిన అన్యాయానికి ఆనవాలు కూడా పోతుంది.

అడిగితే చెబుతారేమో అనుకుంటారా? తన ఫోను మీద నిఘా ఉందో లేదో చెప్పమని ఒక న్యాయవాది సమాచార హక్కు కింద అడిగాడు. సమాచార కమిషన్ ఆయన పక్షాన నిలిచింది, ఏకసభ్య ధర్మాసనం కూడా నిలిచింది. 2024లో ఢిల్లీ హైకోర్టు ద్విసభ్య ధర్మాసనం మాత్రం ఆ సమాచారం ఇవ్వనక్కరలేదని తేల్చింది. కాబట్టి ఉదయం నడక పెద్దమనిషీ, తప్పు చేసి దొరికినవాడు హైకోర్టు దాకా వెళ్లి గెలవగలడు. మీరు ఏ తప్పూ చేయలేదు గనుక మీకు కేసు లేదు, కేసు లేదు గనుక కబురు లేదు, కబురు లేదు గనుక కోర్టు లేదు.

ఈ సంగతి మన తెలుగు న్యాయమూర్తి ఒకాయనకు అరవై ఏళ్ల కిందటే పట్టింది. ఖరక్ సింగ్ అనే ఉత్తరప్రదేశ్ మనిషిని 1941లో ఒక దోపిడీ కేసులో పట్టుకుని, సాక్ష్యం లేక వదిలేశారు. వదిలేశారే గాని పోలీసులు ఆయన పేరిట హిస్టరీ షీటు తెరిచారు. అర్ధరాత్రి తలుపు తట్టడం, నిద్ర లేపి ఇంట్లో ఉన్నాడో లేడో చూడటం, ఊరు దాటితే వెంట కబురు పంపడం. 1962 డిసెంబరు 18న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. (పీయూసీఎల్ తీర్పు తేదీ కూడా డిసెంబరు 18 కావడం కాకతాళీయమే.) రాత్రిపూట తలుపు తట్టడం తప్పు, మిగతా నిఘా ఫరవాలేదు అన్నది ఎక్కువమంది న్యాయమూర్తుల అభిప్రాయం. రాజమండ్రిలో పుట్టి, ఆంధ్ర హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తిగా చేసిన కోకా సుబ్బారావు దాంతో ఏకీభవించలేదు. జస్టిస్ షా ఆయనతో కలిశారు. వెనక పోలీసు చూపు ఉండగా మనిషి నడిచే నడక స్వేచ్ఛ ఎలా అవుతుంది, అలాంటివాడికి దేశమంతా జైలే అని ఆయన అన్నారు. కాళ్లకు వేసే సంకెల కన్నా మనసుకు పడే సంకెల తక్కువది కాదన్నది ఆయన వాదం. ఇంకో మాట కూడా అన్నారు, నా మటుకు అదే ముఖ్యం. ఆ పోలీసు నిబంధనలకు వెనక శాసనసభ చేసిన చట్టం లేదు. చట్టం లేనిదే పౌరుడి స్వేచ్ఛ మీద చేయి వేసే అధికారం ఎక్కడిది?

ఆ భిన్నాభిప్రాయం యాభై ఐదేళ్లు లైబ్రరీల్లో కూర్చుంది. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు పుట్టస్వామి కేసులో ఏకాంతం ప్రాథమిక హక్కేనని ఒక్క కంఠంతో చెప్పినప్పుడు, సుబ్బారావుగారు రాసిందే సరైనదని ఒప్పుకున్నారు. మా బావకు ఈ కేసులేవీ తెలియవు. కానీ అక్క మోకాలి గురించి మాట్లాడుతూ ఆయన గొంతు తగ్గించినప్పుడు, సుబ్బారావుగారు చెప్పిన ఆ మనసు సంకెల చప్పుడు నాకు స్పష్టంగా వినపడుతుంది.

నిఘాయే వద్దనే వాదం నాది కాదు. 2003లో అలిపిరి దగ్గర ముఖ్యమంత్రి కారు కింద మందుపాతర పేలింది. 2007 ఆగస్టు 25 సాయంత్రం గోకుల్ చాట్‌లో, లుంబినీ పార్కులో 42 మంది చనిపోయారు. ఆ రాత్రి నేను తెలిసినవాళ్లందరికీ ఫోన్లు చేస్తూనే ఉన్నాను. ఆ బాంబులు పెట్టినవారి మాటలు ఎవరైనా ముందే విని ఉంటే బాగుండునని నేనూ అనుకున్నాను. వినండి. ఎవరిని, ఎందుకు వింటున్నారో మీ ఇంటివాడు కాని ఒకడికి ముందే చెప్పి వినండి. నేను అడిగేది అంతే.

అది అసాధ్యమేమీ కాదు. స్టాంపు చట్టానికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1986లో ఒక సవరణ చేసింది. స్టాంపు సుంకం ఎగ్గొట్టారేమో చూడటానికి కలెక్టరు ఎవరికి అధికారమిస్తే వాళ్లు బ్యాంకుల్లోకి వెళ్లి ఖాతాదారుల దస్తావేజులు తిరగేయవచ్చు, పట్టుకుపోవచ్చు. కారణం రాసి చూపనక్కరలేదు. కెనరా బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు 2004లో ఆ సవరణను కొట్టేసింది. కాగితం బ్యాంకు బీరువాలో ఉన్నంత మాత్రాన దాని మీద మనిషికి ఏకాంతం పోదంది. ఆ రోజుల్లో తెలుగు పత్రికలు దీన్ని ఎంత రాశాయో గుర్తులేదు కానీ ఇంటి దస్తావేజుకు దొరికిన రక్షణ ఇంట్లో మాటకు ఎందుకు దొరకదని నాకు ఇప్పటికీ అనుమానం.

ఇక చట్టసభల సంగతి. ఇంటెలిజెన్స్ బ్యూరో 1887 నాటి సంస్థ, విదేశీ గూఢచర్యం చూసే రా 1968లో పుట్టింది. ఈ రెండింటినీ నెలకొల్పుతూ పార్లమెంటు చట్టం చేయలేదు. వాటికో చట్టం, పార్లమెంటరీ పర్యవేక్షణ ఉండాలని 2011లో మనీష్ తివారీ ప్రైవేటు సభ్యుడి బిల్లు పెడితే అది ముందుకు కదలలేదు. ఫోన్లలోకి రహస్యంగా చొరబడే పెగాసస్ అనే నిఘా సాఫ్ట్‌వేర్ సంగతి 2021 జూలైలో బయటపడింది. ఆ నెలాఖరులో ఐటీ స్థాయీ సంఘం దాన్ని విచారించబోతే పాలకపక్ష సభ్యులు హాజరు పట్టీలో సంతకం పెట్టలేదు, కోరం లేక సమావేశం ఆగింది. పిలిచిన అధికారులూ రాలేదు. చివరికి మన కృష్ణా జిల్లా వారైన ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ ధర్మాసనం నిపుణుల కమిటీ వేయవలసి వచ్చింది. జాతీయ భద్రత అనగానే కోర్టు నోరు మూసుకోదని కూడా ఆ ధర్మాసనం చెప్పింది. కమిటీ 29 ఫోన్లు పరీక్షించి ఐదింటిలో ఏదో హానికర సాఫ్ట్‌వేర్ ఉందంది, అది పెగాససేనని తేల్చలేకపోయింది, ప్రభుత్వం సహకరించలేదని చెప్పింది.

1885 చట్టం స్థానంలో వచ్చిన టెలికమ్యూనికేషన్ల చట్టం 2023 డిసెంబరులో పాసైంది. ఉభయ సభల్లో కలిపి 146 మంది ప్రతిపక్ష సభ్యులు సస్పెండైన సమావేశాలవి. 2024 డిసెంబరులో దాని కింద వచ్చిన నిబంధనల్లోనూ అదే హోం కార్యదర్శి, అదే కార్యదర్శుల కమిటీ. పేరు మారింది, పెళ్లిపెద్దలు మారలేదు.

బయటి దేశాలు స్వర్గమని చెప్పను. అమెరికా 1975లో సెనెట్ కమిటీ వేసి తమ గూఢచారుల గుట్టు విప్పింది, 1978లో దానికోసం ప్రత్యేక కోర్టు పెట్టింది. వాళ్ల నిఘా సంస్థలో పనిచేసిన స్నోడెన్ 2013లో బయటపెట్టిన మూకుమ్మడి నిఘా అంతా ఆ కోర్టు ఉండగానే జరిగింది. అడిగినవాటిలో దాదాపు అన్నింటికీ సరేననే కోర్టు అది. కాబట్టి ఒక నల్లకోటు తెచ్చి మధ్యలో కూర్చోబెడితే చాలనుకోవడం అమాయకత్వం. నాకు ఎక్కువ నచ్చింది జర్మనీ పద్ధతి. అక్కడ నిఘా ముగిశాక, దర్యాప్తుకు హాని లేదని తేలాక, "ఫలానా కాలంలో మీ మాటలు విన్నాం" అని ఆ మనిషికి తెలియజేయాలి. మినహాయింపులున్నాయి, ఆలస్యాలున్నాయి. అయినా ఆ ఒక్క ఉత్తరం వస్తుందన్న భయం వినేవాడి చేతిని కాస్త వణికిస్తుంది. ఇక్కడ మనం వణుకుతున్నాం, అక్కడ వాళ్లు వణుకుతారు.

నెల కిందట నేను 10 రూపాయల పోస్టల్ ఆర్డరు జతచేసి ఒక ప్రభుత్వ కార్యాలయానికి సమాచార హక్కు అర్జీ పంపాను. ఎవరి పేర్లూ అడగలేదు. గత ఏడాది ఎన్ని ట్యాపింగ్ ఉత్తర్వులు ఇచ్చారు, సమీక్ష కమిటీ ఎన్నిసార్లు కూర్చుంది, ఎన్ని ఉత్తర్వులను తప్పుబట్టింది. మూడు అంకెలు. దేశ భద్రతకు భంగమంటూ మూడు వాక్యాల జవాబు వచ్చింది. కమిటీ ఎన్నిసార్లు కూర్చుందో తెలిస్తే దేశానికి ఏ భంగమో ఆ వాక్యాల్లో లేదు. మొదటి అప్పీలు రాస్తున్నాను.

ఈ సంగతి పిన్నికి చెబితే ఆమె చాలాసేపు ఆలోచించి, "మా రోజుల్లో సూపర్‌వైజరు మా వెనకే నిలబడి చూసేది, వీళ్ల వెనక ఎవరు నిలబడతారు?" అంది. బావకు చెప్పడానికి మామూలు కాల్ చేశాను. అలవాటుగా కట్ చేసి, వాట్సాప్‌లో ఆయనే చేశాడు. అంతా విన్నాడు. కొంచెంసేపు మాట లేదు.

"అర్జీలో ఎక్కడా నా నంబరు రాయలేదు కదా?" అన్నాడు.